బిగుసుకున్న పట్టీలు: మూత్రం ఆగని ఒక కేసు, అందులో హార్మోన్లు, అయాన్ ఛానెల్స్, నా పొరపాటు

మూత్రాశయ కండరం ఎలా పనిచేస్తుందో నాకు బాగా తెలుసు అనుకున్నాను. ఆ తెలిసిన విషయమే ఈ కేసులో నన్ను ఆరు వారాలు దారి తప్పించింది. ఆ ఆరు వారాలూ ఒక మనిషి నిద్ర పోగొట్టుకుంది కాబట్టి దీన్ని వివరంగా రాయాలనిపించింది. పేషెంటు అనుమతి తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను. మందులు, కొలతలు, నేను తీసుకున్న నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

ఆమె వయసు 58. ఇంట్లోనే కుట్టుమిషన్ మీద బ్లౌజులు కుడతారు. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. నెలసరి ఆగి ఏడేళ్లయింది. ఆరేళ్లుగా బీపీ ఉంది, రోజూ ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. మాత్ర ఒకటి వేసుకుంటారు. షుగర్ లేదు, ఏ ఆపరేషనూ జరగలేదు.

నా దగ్గరికి కోడలితో కలిసి వచ్చారు. మొదటి ఐదు నిమిషాలు కోడలే మాట్లాడింది. "మా అత్తయ్య మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్తున్నారు సార్, రాత్రిళ్లు నిద్రే ఉండట్లేదు" అని. ఆవిడ తల వంచుకుని కూర్చున్నారు. కోడల్ని కాసేపు బయట కూర్చోమన్నాక అసలు సంగతి చెప్పారు.

"వచ్చిందంటే ఇక ఆగదు డాక్టరు గారూ. మిషన్ మీంచి లేచి గుమ్మం దాటేలోపే చీర తడిసిపోతోంది. దగ్గితే, తుమ్మితే ఏం కాదు. కుళాయి తిప్పితే మాత్రం అయిపోయినట్టే."

ఇది పద్నాలుగు నెలలుగా ఉంది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారు. బస్సు ఎక్కాలంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగరు. చేతిసంచిలో ఎప్పుడూ రెండు లంగాలు పెట్టుకుని తిరుగుతారు. ఇంతకుముందు మూడు చోట్ల చూపించుకుంటే మూడు చోట్లా "ఇన్ఫెక్షన్" అన్నారు, మూడుసార్లూ యాంటీబయాటిక్ ఇచ్చారు. యూరిన్ కల్చర్ ఒక్కసారీ చేయించలేదు.

మొదటి నిర్ణయం

యూరిన్ పరీక్ష మామూలుగా ఉంది. కల్చర్‌లో ఏ బ్యాక్టీరియా పెరగలేదు. స్కానింగ్‌లో రాళ్లు, గడ్డలు లేవు. మూత్రం పోశాక లోపల మిగిలింది 35 మి.లీ., అంటే లెక్కలోకి రానంత. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9, మామూలే. మూడు నెలల షుగర్ సగటు 6.1. బీపీ 136/84.

దగ్గినప్పుడు కారకపోవడం, తొందర పుట్టాకే కారడం, కుళాయి చప్పుడుకి కారడం. ఇవన్నీ ఓవర్ యాక్టివ్ బ్లాడర్ వైపే చూపిస్తున్నాయి. సంచి సగం కూడా నిండకముందే కండరం తనంతట తాను ముడుచుకుంటోందన్నమాట. ఆ నిర్ధారణ తప్పు కాదు, పగటి బాధ వరకూ ఇప్పటికీ సరైనదే. రాత్రి బాధను కూడా అదే లెక్కలో వేసేయడమే తప్పు.

ఆ రోజు నేను చేయాల్సినవి రెండు చేయలేదు. మూడు రోజుల మూత్రం డైరీ రాయించలేదు. ఆమె మొహమాటపడుతున్నారని కింది భాగం పరీక్ష వాయిదా వేశాను. లేడీ డాక్టరు చేత చేయించవచ్చు, కానీ ఆ రోజు ఆ పని పెట్టుకోలేదు. బయట ముప్ఫై మంది ఉన్నారు. కారణం అదే.

మందు ఎంచుకోవడం వెనక ఉన్న ఆలోచన

మూత్రాశయం గోడలోని కండరాన్ని డెట్రుసర్ అంటారు. దానికి ఇద్దరు యజమానులు. మూత్రం నిండుతున్నంతసేపు సింపథెటిక్ నరాలు నారడ్రినలిన్ విడుదల చేస్తాయి. అది కండరం మీద కబురు అందుకునే బీటా-3 రిసెప్టర్లకు తగిలి కండరాన్ని వదులుగా ఉంచుతుంది. పోసే సమయానికి పారాసింపథెటిక్ నరాలు అసిటైల్‌కోలిన్ విడుదల చేస్తాయి. అది ముఖ్యంగా ఎమ్3 రిసెప్టర్ల ద్వారా కండరాన్ని ముడుస్తుంది.

అసలు పని జరిగేది ప్రతి కండర కణం పొర మీద, అయాన్ ఛానెల్స్ దగ్గర, అంటే కాల్షియం, పొటాషియం లాంటివి లోపలికీ బయటకీ వెళ్లే సన్నని తలుపుల దగ్గర. తీరిగ్గా ఉన్న కణం లోపల బయటకంటే సుమారు 40 నుంచి 50 మిల్లీవోల్టులు నెగటివ్‌గా ఉంటుంది. ఆ తేడా తగ్గిందంటే ఎల్-టైప్ కాల్షియం ఛానెల్స్ తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, కండరం ముడుచుకుంటుంది. దీన్ని అదుపు చేయడానికి పక్కనే పొటాషియం ఛానెల్స్ ఉన్నాయి. వాటిలో పెద్దది బీకే ఛానెల్. అది తెరుచుకుంటే పొటాషియం బయటకు పోయి కణం మళ్లీ చల్లబడుతుంది. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే సంగతి ఒకటుంది. కణం లోపలి నిల్వల నుంచి కాల్షియం చిన్న చిన్న మెరుపుల్లా ఒకచోట విడుదలైతే, అది పక్కనున్న బీకే ఛానెల్‌నే తెరుస్తుంది. అంటే కండరాన్ని ముడిచే కాల్షియమే, కొద్ది మోతాదులో, సరైన చోట ఉంటే కండరాన్ని శాంతపరుస్తుంది. బీకే ఛానెల్ జన్యువు తీసేసిన ఎలుకల్లో మూత్రాశయం అతిగా ముడుచుకుంటుందని, మూత్రం ఆగదని 2004లో చూపించారు. నిండేటప్పుడు మూత్రాశయం ఊరికే పడి ఉండే సంచి కాదని, తెరిచిన పొటాషియం తలుపులే దాన్ని మౌనంగా ఉంచుతున్నాయని అప్పటినుంచీ నేను విద్యార్థులకు చెబుతూ వచ్చాను.

మరి బీకే ఛానెల్‌ని తెరిచే మందే ఇవ్వచ్చు కదా అని జూనియర్లు అడుగుతారు. పొటాషియం ఛానెల్స్ తెరిచే మందులను మూత్రాశయం కోసం పరీక్షించారు. మూత్రాశయాన్ని శాంతపరిచే మోతాదు దగ్గరికి వచ్చేసరికి బీపీ పడిపోయింది, ఎందుకంటే అవే రకం ఛానెల్స్ రక్తనాళాల గోడల్లోనూ ఉన్నాయి. రెటిగాబిన్ అనే మూర్ఛ మందు కథ మరోలా నడిచింది. అది మెదడులో కేవీ7 అనే పొటాషియం ఛానెల్‌ని తెరవడానికి వచ్చింది. అదే ఛానెల్ మూత్రాశయంలోనూ ఉండటంతో వాడిన కొందరికి మూత్రం ఆగిపోయింది. 2017లో ఆ మందు మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. ఇవన్నీ నాకు తెలుసు. ఛానెల్ ఒక్క మూత్రాశయంలోనే ఉండదని నేనే క్లాసులో చెబుతాను. ఈ పేషెంటు దగ్గర మాత్రం అది గుర్తురాలేదు.

పనిచేయనివి

మొదట సోలిఫెనాసిన్ 5 మి.గ్రా. ఇచ్చాను. ఎమ్3 రిసెప్టర్‌ని అడ్డుకునే మందు అది. నాలుగు వారాలకు పగటి తొందర కొంచెం తగ్గింది. నోరు ఎండిపోయి అస్తమానం నీళ్లు తాగడం మొదలుపెట్టారు. రాత్రి లేవడంలో ఏ మార్పూ లేదు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది పోయి మోతాదు 10కి పెంచాను. మూడు వారాల్లో మలబద్ధకం బాగా ఎక్కువైంది, మూత్రం పోశాక మిగిలేది 140 మి.లీ.కి చేరింది. ఆపేశాను. ఆ వయసువాళ్లలో ఈ రకం మందులు ఎక్కువకాలం వాడితే జ్ఞాపకశక్తి మీద పడతాయన్న బెంగ ఎలాగూ ఉంది కాబట్టి, ఆపడానికి సందేహించలేదు.

ఎనిమిదో వారంలో మిరాబెగ్రాన్ 50 మి.గ్రా. మొదలుపెట్టాను. ఇది రెండో యజమాని వైపు నుంచి వస్తుంది, బీటా-3 రిసెప్టర్‌ని ఉత్తేజపరిచి కండరాన్ని వదులు చేస్తుంది. నోరు ఎండదు, మలబద్ధకం పెద్దగా ఉండదు. నాలుగు వారాల తర్వాత వచ్చినప్పుడు పగటి బాధ కొంత నయమన్నారు. బీపీ చూస్తే 152/94. మిరాబెగ్రాన్ కొందరిలో బీపీ పెంచుతుంది. ఈవిడలో దానివల్లే పెరిగిందని కచ్చితంగా చెప్పలేను, టెన్షన్ కావచ్చు, ఆ వారం తిన్న ఊరగాయ కావచ్చు. ఆమె బీపీకి చూపించుకునే ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఆయన ఆమ్లోడిపిన్‌ని 5 నుంచి 10 మి.గ్రా.కి పెంచి పంపారు.

సాయంత్రం ఆ చీటీ నాకు చూపించడానికి మళ్లీ వచ్చారు. అది చేతిలో పట్టుకుని నేను లోలోపల సంతోషించాను. ఆమ్లోడిపిన్ అంటే ఎల్-టైప్ కాల్షియం ఛానెల్‌ని మూసే మందు, డెట్రుసర్ ముడుచుకునేది ఆ ఛానెల్ ద్వారానే. బీపీకి వేసినా మూత్రాశయానికీ మేలే చేస్తుంది కదా అనుకున్నాను. "మంచిదే అమ్మా, వాడండి" అన్నాను.

ఆరు వారాల తర్వాత వచ్చారు. కళ్ల కింద నల్లటి వలయాలు. రాత్రి మూడుసార్లు లేచేవారు నాలుగుసార్లు, ఒక్కోసారి ఐదుసార్లు లేస్తున్నారట. రెండుసార్లు చీకట్లో బాత్‌రూమ్‌కి పోతూ గోడకు తగిలి పడబోయారు. "ఈ మాత్ర వేసుకున్నాకే ఎక్కువైంది డాక్టరు గారూ" అన్నారు. మిరాబెగ్రాన్ గురించే అంటున్నారనుకుని నేను దాని గురించి చెప్పబోయాను. ఆవిడ నా మాట ఆపి కాళ్లు ముందుకు పెట్టారు.

"చూడండి, సాయంత్రానికి పట్టీలు బిగుసుకుపోతున్నాయి. రాత్రి తీసి పెట్టుకుంటున్నాను."

వెండి పట్టీలు మడమ పైన చర్మంలోకి దిగి గీత పడి ఉంది. కింద చెప్పుల పట్టీ అచ్చు. మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీస్తే గుంట పడింది, వేలు తీశాక కూడా చాలాసేపు పూడలేదు. నాలుగు నెలల్లో నేను ఆమె కాళ్ల వైపు చూడటం అదే మొదటిసారి.

డైరీ చెప్పినది

ఆ రోజు డైరీ రాయించాను. కోడలు ఒక పాత ప్లాస్టిక్ మగ్గు మీద మందుసీసా మూతతో నీళ్లు కొలిచి పోస్తూ, మార్కర్‌తో 50 మి.లీ.కి ఒక గీత చొప్పున గీసింది. టైమ్, ఎంత వచ్చింది, తొందర పుట్టి వెళ్తే పక్కన ఒక చుక్క. కుట్టు కొలతలు రాసుకునే నోటుపుస్తకం వెనక పేజీల్లోనే రాశారు ఆవిడ. ఇంత శుభ్రంగా రాసిన డైరీ నేను ఎక్కువగా చూడలేదు. కొలతలతో బతికే మనిషి కదా.

అందులోంచి ఒక రోజు. ఉదయం లేచినప్పటి నుంచి పడుకునేదాకా తొమ్మిదిసార్లు వెళ్లారు. 80, 90, 100, 100, 110, 120, 130, 140, 150. మొత్తం 1,020 మి.లీ. రాత్రి నాలుగుసార్లు లేచారు. 270, 250, 230, 210. పొద్దున లేవగానే 240. లెక్క ప్రకారం పొద్దుటి మొదటిది కూడా రాత్రి తయారైన మూత్రమే కాబట్టి రాత్రి మొత్తం 1,200. రోజంతా కలిపి 2,220 మి.లీ. అయితే సగానికి పైగా రాత్రి ఎనిమిది గంటల్లోనే తయారైంది. పెద్దవయసువాళ్లలో రాత్రి వాటా మూడోవంతు దాటితేనే ఎక్కువ కింద లెక్క.

ఆ అంకెల ముందు కూర్చుంటే రెండు సంగతులు బయటపడ్డాయి. పగలు 100 మి.లీ.కే తొందరపడే మూత్రాశయం రాత్రి 270 పట్టుకోగలుగుతోంది. కాబట్టి సంచి చిన్నది కాలేదు. రాత్రి లేస్తున్నది కండరం ముడుచుకుని కాదు, నిజంగానే నిండి. నేను నాలుగు నెలలు డెట్రుసర్‌కి మందులిచ్చాను, రాత్రి సమస్య కిడ్నీల వైపు నుంచి వస్తోంది.

రెండోది చుక్కల్లో కనిపించింది. పగటి తొమ్మిదింటిలో ఐదింటికే చుక్క ఉంది. మిగిలిన నాలుగుసార్లు తొందర లేకపోయినా, "ఎందుకైనా మంచిది" అని ముందే వెళ్లారు. బజారుకి బయల్దేరేముందు, బ్లౌజు కటింగ్ మొదలుపెట్టేముందు. ఐదు చుక్కల్లో మూడు గిన్నెలు తోముతున్నప్పుడో, బట్టలు తడుపుతున్నప్పుడో పడ్డవి.

రాత్రి వైపు

ఆమ్లోడిపిన్ ఎల్-టైప్ ఛానెల్‌ని మూస్తుంది, నిజమే. మామూలు మోతాదులో దాని ప్రభావం ముఖ్యంగా పడేది చిన్న ధమనుల మీద. అవి వెడల్పవుతాయి, వాటి తర్వాత వచ్చే సిరలు అంతగా వెడల్పు కావు. మధ్యలో ఉన్న కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు కాళ్లలోకి ఊరుతుంది. రోజంతా కుట్టుమిషన్ ముందు కాళ్లు వేలాడేసి కూర్చునే మనిషిలో ఇంకా ఎక్కువ. పడుకోగానే ఆ నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. గుండె పై గదులు సాగి ఏఎన్‌పీ అనే హార్మోన్ విడుదల చేస్తాయి. అది కిడ్నీలను ఉప్పు, నీరు బయటకు పంపమంటుంది. మరోవైపు, రాత్రిపూట మూత్రాన్ని తగ్గించే వాసోప్రెసిన్ హార్మోన్ వయసుతో పాటు రాత్రి అంత గట్టిగా పెరగడం మానేస్తుంది. ఈ రెండూ కలిస్తే రాత్రికి లీటరు దాటుతుంది.

మందు మీదే నెపం వేసే ముందు, కాళ్ల వాపుకి, రాత్రి మూత్రానికి ఉన్న మిగతా కారణాలు చూశాం. గుండె ఎకో బాగుంది. మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదు. థైరాయిడ్ సరిగ్గా ఉంది. గురకపెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందా అని భర్తని అడిగాను. స్లీప్ యాప్నియా ఉన్నా ఇదే ఏఎన్‌పీ దారిలో రాత్రి మూత్రం పెరుగుతుంది. చాలామంది మర్చిపోయే ప్రశ్న ఇది. ఆయన లేదన్నారు.

డెస్మోప్రెసిన్ ఇవ్వాలన్న ఆలోచన వచ్చింది. అది వాసోప్రెసిన్ పనే చేస్తుంది, రాత్రి మూత్రం తగ్గుతుంది. కానీ నీరు బయటకు వెళ్లాల్సిన శరీరంలో నీటిని బిగబట్టే మందు ఇవ్వడం అది. వయసు పైబడ్డ ఆడవాళ్లలో రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. కారణం కళ్ల ముందు కనబడుతుండగా దాని మీద ఇంకో మందు కప్పడం సరికాదనిపించింది.

ఫిజీషియన్‌కి ఫోన్ చేసి డైరీ అంకెలు చదివి వినిపించాను. బీపీ మందు నా అంతట నేను మార్చను. ఆయన వెంటనే ఒప్పుకుని ఆమ్లోడిపిన్ ఆపి మరో రకం బీపీ మందు టెల్మిసార్టన్ 40 మి.గ్రా. రాశారు, రెండు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూద్దామన్నారు. మిరాబెగ్రాన్‌ని అప్పుడు ముట్టుకోలేదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు. రోజూ ఇంట్లో బీపీ చూసుకోమన్నాం.

మధ్యాహ్నం భోజనం తర్వాత గంటసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకోమన్నాను. ఆ నీరు పగలే తిరిగి వచ్చి పగలే పోతుంది. రాత్రి పడుకునేముందు పెద్ద గ్లాసుడు ఉప్పు మజ్జిగ తాగే అలవాటుంది ఆవిడకి. దాన్ని మధ్యాహ్నానికి మార్చారు. రాత్రి అన్నంలోకి ఊరగాయ మానేశారు. ఇది మాత్రం మనసుకి కష్టమైందని తర్వాత చెప్పారు.

మూడు వారాలకు కాళ్ల మీద గుంట పడటం ఆగింది. బీపీ 134/82. రాత్రి ఒకసారి లేచారు, 300. పొద్దున 260. రాత్రి మొత్తం 560, రోజు మొత్తం 1,750, అంటే మూడోవంతు లోపే. పగలు మాత్రం అదే తొమ్మిదిసార్లు, అవే చుక్కలు. రాత్రి సమస్యా పగటి సమస్యా వేర్వేరని దీంతో తేలిపోయింది.

పగటి వైపు

ఈసారి గైనకాలజిస్టు సహోద్యోగిని పరీక్ష చేయమన్నాను. యోని పొర పలచబడి, పాలిపోయి, తాకితే చిన్నగా రక్తం చిమ్మేలా ఉందని చెప్పారు. అక్కడి ఆమ్లత్వం చెప్పే పీహెచ్ 6.5. నెలసరి ఉన్న రోజుల్లో 4.5 లోపు ఉండాల్సింది. ఆవిడను అడిగితే మంట, పొడిబారడం అయిదేళ్లుగా ఉందన్నారు. "అది కూడా మీకు చెప్పాలా?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు గుచ్చుకుంది. అడగాల్సింది నేను.

మూత్రనాళం, మూత్రాశయం కింద ఉండే త్రికోణ భాగం, యోని, ఇవన్నీ ఈస్ట్రోజెన్ రిసెప్టర్లున్న భాగాలే. నెలసరి ఆగి ఈ ఆడ హార్మోన్ పోతే ఆ పొరలు పలచబడతాయి, రక్తప్రసారం తగ్గుతుంది. కింద చికాకు పెరిగితే మూత్రాశయం తొందరగా స్పందిస్తుంది. అయాన్ ఛానెల్ దాకా వెళ్తే ఇంకా ఆసక్తికరమైన విషయం ఉంది. ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం ఎస్ట్రాడియోల్, జన్యువుల దాకా పోకుండానే బీకే ఛానెల్ బీటా-1 భాగానికి నేరుగా అంటుకుని ఛానెల్‌ని తెరుస్తుందని 1999లో కనుగొన్నారు. డెట్రుసర్ ముక్కల మీదా ఇలాంటి ప్రభావం చూశారు. ఇది చదివితే ఎవరికైనా ఈస్ట్రోజెన్ మాత్ర ఇస్తే సరిపోతుందనిపిస్తుంది.

ఆమ్లోడిపిన్ విషయంలో తిన్న దెబ్బ ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి ఈసారి అక్కడే ఆగాను. మాత్ర రూపంలో హార్మోన్ తీసుకున్న వేలాది మంది ఆడవాళ్లను గమనించిన అమెరికా డబ్ల్యూహెచ్ఐ (ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్) అధ్యయనం ఫలితాలు 2005లో వచ్చాయి. మూత్రం కారడం తగ్గలేదు సరికదా, పెరిగింది. గాజు పాత్రలో వేలాడదీసిన కండరం ముక్క చెప్పిందీ, మనుషుల్లో జరిగిందీ ఎదురెదురుగా నిలబడ్డాయి. నోటి ద్వారా వెళ్లిన హార్మోన్ కాలేయం నుంచి కొల్లాజెన్ దాకా ఎన్నిటినో తాకుతుంది. యోనిలో రాసే కొద్దిపాటి ఈస్ట్రోజెన్ అక్కడి పొరకే ఎక్కువగా పరిమితమవుతుంది, తొందర తగ్గించడంలో ఉపయోగం కూడా కనబడింది. అందుకని మాత్ర జోలికి పోకుండా ఎస్ట్రియోల్ అనే ఈస్ట్రోజెన్ రకం క్రీమ్ ఎంచుకున్నాం. రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు.

క్రీమ్ పేరు వినగానే ఆవిడ భయపడ్డారు. "హార్మోన్ అంటే క్యాన్సర్ వస్తుందంట కదా డాక్టరు గారూ?" రొమ్ము క్యాన్సర్ చరిత్ర లేదు, నెలసరి ఆగాక రక్తస్రావం కాలేదు, స్కాన్‌లో గర్భాశయం పొర 4 మి.మీ. మాత్రం ఉంది. ఇవన్నీ చూశాకే ఇస్తున్నామని, రక్తం కనబడితే ఒక్క చుక్కైనా చెప్పాలని గైనకాలజిస్టు అరగంట కూర్చుని వివరించారు. క్రీమ్ ఎలా పెట్టుకోవాలో కూడా ఆవిడే చూపించారు. నేను చెబితే ఆ మనిషి ఇంటికెళ్లి డ్రాయరులో పడేసి ఉండేది.

దాంతోపాటు తొందర పుట్టినప్పుడు పరుగెత్తవద్దని చెప్పాం. ఉన్నచోటే నిలబడి, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కింది కండరాన్ని ఐదారుసార్లు టకటకా బిగించి వదలాలి. కటికండరాలు బిగిస్తే డెట్రుసర్ ముడుచుకునే రిఫ్లెక్స్ అణుగుతుంది. అలజడి తగ్గాక నడిచి వెళ్లాలి. "ఎందుకైనా మంచిది" అని వెళ్లే నాలుగు ట్రిప్పులూ మానేయాలి. ఇది అలవాటయ్యేసరికి నెల పట్టింది.

మధ్యలో కారం ప్రశ్న వచ్చింది. ఎవరో చెప్పారని పచ్చిమిరపకాయలు, గొడ్డుకారం పూర్తిగా మానేసి చప్పిడి తింటున్నారు. మిరపలో కారం పుట్టించే పదార్థం కాప్సైసిన్, అది పనిచేసే ఛానెల్ టీఆర్‌పీవీ1. దాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కి, ఒత్తిడిని పసిగట్టే పీజో ఛానెల్స్ కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కి కలిపి 2021లో నోబెల్ వచ్చింది. ఈ రెండు రకాల ఛానెల్సూ మూత్రాశయ నరాల్లో ఉన్నాయి. మూత్రాశయం నిండిందన్న కబురు మెదడుకి చేరడంలో పీజో2కి పెద్ద పాత్ర ఉంది. అయితే తిన్న కారంలో చాలా భాగం కాలేయంలోనే విరిగిపోతుంది, మూత్రాశయానికి ఎంత చేరుతుందో మనిషిని బట్టి మారుతుంది. వారం తిని చూడండి, చుక్కలు పెరిగితే మానేద్దాం అన్నాను. పెరగలేదు. ఆ రోజు ఆవిడ మొహంలో వెలుగు చూశాను.

ఫలితం

పన్నెండు వారాలకు పగలు ఏడుసార్లు వెళ్తున్నారు, 150 నుంచి 220 మి.లీ. చొప్పున. చీర తడవడం రోజుకి రెండుసార్లు ఉండేది వారానికి ఒకటికి వచ్చింది. రాత్రి ఒకసారి. ఐదో నెలలో మిరాబెగ్రాన్ ఆపి చూశాం. నెలంతా డైరీలో మార్పు రాలేదు, అందుకని మళ్లీ మొదలుపెట్టలేదు.

క్రీమ్ పనిచేసిందా, కండరాల వ్యాయామం పనిచేసిందా అని నన్ను అడిగితే మొదట్లో చెప్పలేకపోయేవాణ్ణి. రెండూ ఒకేసారి మొదలుపెట్టాం. తర్వాత అనుకోకుండా కొంత తెలిసింది. కూతురి దగ్గరికి వెళ్లి ఆరు వారాలున్నప్పుడు క్రీమ్ తీసుకెళ్లడం మర్చిపోయారు. వ్యాయామం మానలేదు. నాలుగో వారం నుంచి చుక్కలు మళ్లీ పెరిగాయి, వచ్చి క్రీమ్ మొదలుపెట్టాక మూడు వారాల్లో తగ్గాయి. ఒక్క మనిషిలో ఒక్కసారి చూసినది కాబట్టి దాన్ని రుజువు అనను. ఈవిడ విషయంలో మాత్రం క్రీమ్ కొనసాగించడానికి నాకు అది చాలు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు తొందర, రాత్రి మూత్రం అని వచ్చేవాళ్లందరికీ మొదటి రోజే డైరీ కాగితం ఇస్తున్నాను. డైరీ లేకుండా మందు రాయడం మానేశాను. ఏదైనా ఇవ్వాల్సి వస్తే మూడు రోజుల తర్వాత రమ్మని చెబుతున్నాను. జనం విసుక్కుంటారు, నిజమే. ఈ కేసులో డైరీ మొదటి రోజే రాయించి ఉంటే సోలిఫెనాసిన్ మోతాదు పెంచేవాణ్ణి కాదు, ఆమ్లోడిపిన్ చీటీ చూసి సంతోషించేవాణ్ణి కాదు.

మందుల చీటీ చూసేటప్పుడు ఒక్కో మందు ఏ రోజున మొదలైందో, ఏ రోజున మోతాదు మారిందో పేషెంటు చేతే చెప్పిస్తున్నాను. ఆమ్లోడిపిన్, సిల్నిడిపిన్ లాంటివి వాడుతుంటే కాళ్లు చూడకుండా కుర్చీలోంచి లేవనివ్వను. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర మొదలై ఉంటే, అది చక్కెరను మూత్రంలోకి పంపుతూ నీటినీ తీసుకుపోతుందని గుర్తుంచుకుంటున్నాను. మిరాబెగ్రాన్ ఇస్తే రెండు వారాల్లో బీపీ నేనే చూస్తాను, పెరిగితే ఫిజీషియన్‌కి పంపే చీటీలో "రాత్రి మూత్రం సమస్య ఉంది, కాళ్ల వాపు వచ్చే మందు వద్దు" అని రాస్తాను. ఆ ఒక్క వాక్యం అప్పుడు రాయకపోవడం నా తప్పే. ఆయన ముందున్నది బీపీ అంకె మాత్రమే.

ఇక సిద్ధాంతం సంగతి. ఎల్-టైప్ ఛానెల్ గురించి నాకు తెలిసినది తప్పు కాదు, బీకే ఛానెల్ గురించి తెలిసినదీ తప్పు కాదు. ఆ తెలివిని ఏ మందు రాయాలన్న నిర్ణయంగా నేరుగా మార్చేయడమే ప్రమాదం. ఛానెల్ చెప్పేది ఒక ఊహ. ఆ ఊహ ఈ మనిషిలో నిజమా కాదా అని అడగడానికి నా దగ్గరున్న పరికరం మార్కర్ గీతలున్న ఒక ప్లాస్టిక్ మగ్గు. ఇప్పుడు జూనియర్లకు పాఠం చెప్పేటప్పుడు బీకే ఛానెల్ బొమ్మ గీసిన వెంటనే పక్కనే ఆ నోటుపుస్తకం పేజీ కూడా చూపిస్తున్నాను, పేరు కొట్టేసి.

మొన్న పదకొండో నెలలో వచ్చారు. కాళ్లకు పట్టీలు ఉన్నాయి, వాటి కింద గీత లేదు. ఒక పెళ్లికి వెళ్లి రాత్రి అక్కడే ఉండి వచ్చారట, సంచిలో ఒక్క లంగా మాత్రమే పెట్టుకుని. ఇంకా కుళాయి తిప్పినప్పుడు అప్పుడప్పుడు తొందర వస్తోంది. పది రోజులు గిన్నెలు తోమే పని కోడలికి అప్పగించి, ఆ చప్పుడు వింటూ దూరంగా కూర్చుని కండరం బిగించే అభ్యాసం చేయమని చెప్పాను. వచ్చే నెల డైరీలో చుక్కలు చూడాలి.